డిజిటల్ మీడియా, కల్చర్‌లో పీజీ: అపోహలు - వాస్తవాలు

ఈ సబ్జెక్టును పీజీ విద్యార్థులకు చెప్పడం నా పని. అప్లికేషన్ల సీజన్ మొదలైతే చాలు, చదవబోయేవాళ్ల కంటే ముందు వాళ్ల అమ్మానాన్నలు ఫోన్ చేస్తారు. "ఇది చదివితే మావాడు చివరికి ఏమవుతాడండీ?" అన్నది మొదటి ప్రశ్న. మిగతావీ ఇంచుమించు ఏటా అవే. మనవాళ్లు ఎక్కువగా అడిగేది బ్రిటన్ ఎం.ఏ. గురించే కాబట్టి దాన్నే దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. వార్విక్‌లో డిజిటల్ మీడియా అండ్ కల్చర్ అంటారు, లండన్ కింగ్స్ కాలేజీలో డిజిటల్ కల్చర్ అండ్ సొసైటీ అంటారు. పేర్లు అటూ ఇటూ అయినా లోపలి సరుకు చాలావరకు ఒకటే.

అపోహ: రీల్స్ తీయడం, డిజిటల్ మార్కెటింగ్ నేర్పుతారు

నేర్పరు. ఆ పని అమీర్‌పేటలోనే మూడు నెలల్లో వస్తుంది, అందుకు లక్షలు అప్పు చేసి విమానం ఎక్కక్కర్లేదు. ఈ కోర్సులో అడిగేవి వేరే ప్రశ్నలు: ఫలానా రీల్ మీకే ఎందుకు కనిపించింది, పక్కింటావిడకు ఎందుకు కనిపించలేదు, ఆ లెక్క ఎవరు రాశారు, దానివల్ల డబ్బు ఎవరికి చేరుతోంది. వీడియోనో పాడ్‌కాస్టో చేయించే మాడ్యూళ్లు కొన్నిచోట్ల ఉంటాయి కానీ, మార్కుల్లో పెద్ద వాటా రాతపనిదే. వారం వారం చదివి రావాల్సినవి గట్టిగానే ఉంటాయి. చదవడమంటే విసుగున్నవాళ్లకు మొదటి నెలలోనే చుక్కలు కనిపిస్తాయి.

అపోహ: రోజంతా ఫోన్ చూస్తూనే ఉంటాం, ఇంక ఇందులో చదవడానికేముంది?

ఈ మాట కొత్తదేమీ కాదు. 1964లో బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలో రిచర్డ్ హొగార్ట్ సమకాలీన సాంస్కృతిక అధ్యయన కేంద్రం పెట్టారు. ఆ తర్వాత జమైకాలో పుట్టిన స్టువర్ట్ హాల్ దాన్ని నడిపారు. మామూలు జనం చూసే టీవీ, చదివే పత్రికలు కూడా చదువుకు పనికొస్తాయా అని అప్పుడూ పెదవి విరిచారు. ఆ కేంద్రాన్ని 2002లో మూసేశారు గానీ, అక్కడ మొదలైన పద్ధతే ఇవాళ ఫోన్ తెర దాకా వచ్చింది.

క్లాసులో నేను తరచూ ఎత్తుకునే ఉదాహరణ మన అక్షరానిదే. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" ఐఫోన్లను కుప్పకూల్చింది గుర్తుందా? ఐఓఎస్ 11.2.5 ఉన్న ఫోన్‌కు ఆ అక్షరంతో మెసేజ్ వస్తే యాప్ మూసుకుపోయేది, నోటిఫికేషన్‌గా వస్తే ఫోనే మొరాయించేది. మనకు అది ఒకే అక్షరం. ఫోన్‌కు మాత్రం జ, పొల్లు, ఞ, కంటికి కనిపించని ఒక విభజన గుర్తు, చివర దీర్ఘం, ఇలా వరుసగా ఐదు సంకేతాలు. వాటిని కలిపి ఒక రూపంగా పేర్చే దగ్గర సాఫ్ట్‌వేర్ తడబడింది. ఫిబ్రవరి 19న ఆపిల్ 11.2.6 విడుదల చేసి సరిచేసింది.

ఇంజినీరుకు కథ అక్కడితో అయిపోయింది. మాకు అక్కడే మొదలవుతుంది. ప్రపంచ లిపులన్నిటికీ కంప్యూటర్ సంకేతాలిచ్చే యూనికోడ్‌లో తెలుగు లిపి 1991లోనే చేరింది. పాతికేళ్లు దాటాక కూడా కోట్లమంది రాసే లిపిలోని ఇలాంటి కూర్పు పరీక్షకు చిక్కకుండా ఎలా బయటికొచ్చింది? తప్పు సాఫ్ట్‌వేర్‌దైతే, ప్రపంచ పత్రికల శీర్షికల్లో నింద "తెలుగు అక్షరం" మీద ఎందుకు పడింది? ముక్క తెలుగు రానివాళ్లు కూడా దాన్ని కాపీ చేసి, తెలిసినవాళ్ల ఫోన్లు చెడగొట్టే ఆటగా ఎలా మార్చారు? ఈ మూడింటిలో ఏ ఒక్కటి పట్టుకున్నా ఒక టర్మ్ పేపర్ అవుతుంది.

వాక్‌త్రూ అనే పద్ధతీ ఉంది. ఒక యాప్‌లో కొత్త ఖాతా తెరిచి, ప్రతి తెరకూ స్క్రీన్‌షాట్ తీస్తూ, అది ఏం అడుగుతోంది, ఏ వరుసలో అడుగుతోంది, ఏది దాటి వెళ్లనివ్వట్లేదు అని రాసుకుంటూ పోవాలి. పెళ్లి సంబంధాల యాప్ ఒకటి ఇలా తెరిచి చూడండి. మొదట్లోనే "ఈ ప్రొఫైల్ ఎవరి కోసం?" అంటుంది: నా కోసం, మా అబ్బాయి, మా అమ్మాయి, మా చెల్లెలు. పెళ్లి చేసుకునేవాళ్లూ ఖాతా నడిపేవాళ్లూ వేరు కావచ్చని యాప్ ముందే ఒప్పుకుంది. తర్వాత మతం, మాతృభాష, కులం గడులు. పరిచయం ఒక వాక్యమైనా రాయకముందే ఇవన్నీ అయిపోతాయి. రోజూ వాడేవాళ్లు వీటిని చూడరు, చకచకా నింపేసి వెళ్లిపోతారు. పనిగట్టుకుని ఆగి చూడటం ఎలాగో నేర్పేదే ఈ చదువు.

అపోహ: కోడింగ్ రాకపోతే కష్టం, బీటెక్ వాళ్లకు నల్లేరు మీద నడక

ఎక్కువ కోర్సుల్లో కోడింగ్ రాకపోయినా సీటిస్తారు. యూట్యూబ్ కామెంట్లు తెచ్చుకోవడానికి, ఎవరు ఎవరితో ముడిపడి ఉన్నారో గీయడానికి యూట్యూబ్ డేటా టూల్స్, గెఫీ లాంటి ఉచిత సాధనాలున్నాయి. పైథాన్ వస్తే పని తొందరగా అవుతుంది, నిజమే.

నా అనుభవంలో బీటెక్ పిల్లలు తడబడేది ఇంకోచోట. డేటా దించేసి, ఛార్టు గీసేసి, అయిపోయిందనుకుంటారు. తెలుగు సినిమా ట్రైలర్ కింద "దండం రా సామీ" అన్న కామెంట్ చూడండి. మెచ్చుకోలా, వెక్కిరింపా? దానిపైన ఏముందో, రాసినవాడు ఏ హీరో అభిమానో తెలిస్తే గానీ చెప్పలేం. భావాలు లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ దానికి ఏదో ఒక మార్కు వేసి పారేస్తుంది. పైగా మన కామెంట్లలో బోలెడు ఇంగ్లీషు అక్షరాల తెలుగే. "బాగుంది"ని ఎవరికి తోచిన స్పెల్లింగ్‌లో వాళ్లు రాస్తారు. ఇవన్నీ కూర్చుని చదివి, వేరు చేసి, ఎందుకలా వేరు చేశారో రాయాలి. అందుకే తెలుగు సాహిత్యమో సోషియాలజీయో చదివి వచ్చినవాళ్లు ఒక్కోసారి వీళ్లను దాటేస్తారు.

అపోహ: ఇంటర్నెట్‌లో కనిపించేదంతా వాడుకోవచ్చు

మొదటిది, అంత సులభంగా దొరకదు. ట్విట్టర్ 2023లో పరిశోధకులు ఉచితంగా డేటా తెచ్చుకునే దారి మూసేసింది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ పబ్లిక్ పోస్టులు చూడటానికి వాడే క్రౌడ్‌టాంగిల్‌ను మెటా 2024 ఆగస్టు 14న ఆపేసింది. పాత పేపర్లలోని పద్ధతినే యథాతథంగా చేస్తానని ప్రపోజల్ రాస్తే అక్కడే బోల్తా పడతారు.

రెండోది ఎథిక్స్ అనుమతి, అంటే మీ పరిశోధన వల్ల ఎవరికీ హాని లేదని చూసి యూనివర్సిటీ ఇచ్చే ఒప్పుదల. అది చేతికి రాకుండా ఎవరితోనూ ఇంటర్వ్యూ మొదలుపెట్టకూడదు. వాట్సాప్ ఫ్యామిలీ గ్రూపులో మీరు సభ్యులే అయినా, బాబాయి ఫార్వర్డులు తీసి థీసిస్‌లో పెట్టడానికి ఆయన్ను అడగాల్సిందే. పబ్లిక్ కామెంట్‌కూ చిక్కుంది. పేరు తీసేసినా, వాక్యం ఉన్నదున్నట్టు ఇస్తే వెతుకులాటలో మనిషి దొరికిపోతాడు. అందుకని అవసరమైనచోట మాటలు మార్చి చెప్పమంటాం.

అపోహ: ఏఐ వచ్చాక ఈ చదువుకు కాలం చెల్లింది

ఏఐ కూడా సిలబస్‌లో చేరింది, అంతే. దానితో వ్యాసం రాయించి ఇచ్చేవాళ్లు మాత్రం చదవని పుస్తకాలను, అసలు లేని పుస్తకాలను ఉదహరించి దొరికిపోతుంటారు.

అపోహ: ఏడాది చదివితే బ్రిటన్‌లో సెటిల్ అయిపోవచ్చు

ఇక్కడ మొహమాటం లేకుండా చెబుతాను. ఎం.ఏ. అంటే సాధారణంగా ఏడాదిలో 180 క్రెడిట్లు, అందులో మూడో వంతు దాకా డిసర్టేషనే, అంటే చివర్లో రాసే పరిశోధన వ్యాసం. సెప్టెంబర్‌లో దిగిన పిల్లలు ఊరు అలవాటు చేసుకునేలోపే మొదటి టర్మ్ అయిపోతుంది. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి గ్రాడ్యుయేట్ రూట్ వీసా రెండేళ్లు ఇస్తారు. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవాళ్లకు, పీహెచ్‌డీ వాళ్లకు తప్ప, అది 18 నెలలే. క్లాసులతో నడిచే మాస్టర్స్‌కు 2024 జనవరి నుంచి భార్యనో భర్తనో పిల్లలనో వెంట తీసుకెళ్లే వీలూ లేదు. కన్సల్టెన్సీ వాళ్లు ఇవి చెప్పారో లేదో కనుక్కోండి.

ఉద్యోగాలు లేవని కాదు. యూజర్ రీసెర్చ్, కంటెంట్ పాలసీ, ఫ్యాక్ట్ చెకింగ్, ఆర్కైవులు, ఎన్జీవోలు, పీహెచ్‌డీ, ఇలా దారులున్నాయి. కానీ కంప్యూటర్ సైన్స్ డిగ్రీలా పేరు చూసి పిలవరు. మీరేం చేయగలరో మీరే చూపించాలి, దానికి టైమ్ పడుతుంది. ఇల్లు తాకట్టు పెట్టి, మొదటి జీతంతోనే ఈఎంఐ మొదలవ్వాలి అనుకునే ఇంటికి నేను ఈ కోర్సు చెప్పను. కొందరు తల్లిదండ్రులకు ఈ మాట నచ్చదు.

అపోహ: అక్కడ తెలుగు టాపిక్ ఎవరికి కావాలి?

ఎస్‌ఓపీలో, అంటే ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నారో అప్లికేషన్‌తో పాటు రాసిచ్చే కాగితంలో, ఎక్కువమంది రాసేది "సోషల్ మీడియా యువతపై చూపే ప్రభావం". ఆ టాపిక్ చదివీ చదివీ మాకు విసుగొచ్చింది. బ్రహ్మానందం మీమ్స్ మీద రాయండి, చెవులు రిక్కిస్తాం. సినిమాలో నవ్వించడానికి పెట్టిన ముఖకవళిక ఎన్నికల గొడవలో ఎలా పనికొస్తోంది, సినిమా చూడని తమిళ కుర్రాడికీ ఎందుకు అర్థమవుతోంది అన్నది మీరు చెబితేనే తెలుస్తుంది. 2003 డిసెంబర్‌లో మొదలైన తెలుగు వికీపీడియాలో వ్యాసాల మీద జరిగే వాదనలు చర్చా పేజీల్లో అలాగే ఉన్నాయి, ఎవరైనా చదవొచ్చు. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను నిషేధించాక, దాని మీద పేరు తెచ్చుకున్న మన పల్లెటూరి ఆర్టిస్టులు ఎటు వెళ్లారు, ఎవరు నిలబడ్డారు, ఎవరు పొలానికి తిరిగి వెళ్లారు అన్నది ఇంకో మంచి టాపిక్. దీనికి మనుషులను కలవాలి, వాళ్ల భాషలోనే మాట్లాడాలి. ఆ భాష రాని క్లాస్‌మేట్ చేయలేని పని ఇది. ఇలాంటిది ఎంచుకుంటే ఎథిక్స్ ఫారం మాత్రం డిసెంబర్‌లోనే మొదలుపెట్టండి. ఫీల్డ్‌వర్క్ ఇండియాలో అంటే యూనివర్సిటీ రిస్క్ ఫారం కూడా అడుగుతుంది, ఆ కాగితాలు వెనక్కి రావడానికి వారాలు పడుతుంది.