అన్నిటికీ ఎండదెబ్బేనా? వేసవి కూరగాయల్లో అపోహలు - వాస్తవాలు

ఏప్రిల్ వచ్చిందంటే మా చేవెళ్ల వైపు చల్క (ఇసుక పాలు ఎక్కువున్న ఎర్ర) నేలల్లో ఏ తోటలో అడిగినా ఒకటే మాట, "ఎండదెబ్బ తగిలింది" అని. పూత రాలినా, ఆకు వాడినా, కాయ నల్లబడినా అదే. కూరగాయలు పండించే మనిషిగా నేను చూసినంతలో, ఎండ మీదికి నెట్టేసే నష్టాల్లో చాలా వాటికి అసలు కారణం వేరే ఉంటుంది.

అపోహ: మధ్యాహ్నం మొక్క వాడితే నీళ్లు చాలలేదన్నట్టే.

వాస్తవం: నేల తడిగా ఉన్నా సరే, ఆకుల నుంచి ఆవిరైపోయేంత నీటిని వేళ్లు అందించలేకపోతే బీర, సొర, దోస ఆకులు వేలాడిపోతాయి. పొద్దు వాలాక అవే లేస్తాయి. చూడాల్సింది తెల్లవారుజామున. అప్పటికీ వాడే ఉంటే వేలితో మట్టి తీసి చూడండి. పొడిగా ఉంటే నీళ్లు పెట్టాలి. తడిగా ఉంటే మాత్రం ఒక మొక్క పీకి వేరు కుళ్లిందేమో చూడాలి. మట్టి చూడకుండా రోజూ మధ్యాహ్నం మోటారు వేస్తే, వేళ్లకు గాలాడక కుళ్లు మొదలవుతుంది. పైగా ఎండలో పడి ఉన్న నల్ల డ్రిప్ పైపుల్లోంచి ముందుగా వచ్చేవి వేడి నీళ్లే.

అపోహ: ఎండలో ఆకు మీద పడ్డ నీటి బొట్టు భూతద్దంలా కాలుస్తుంది.

వాస్తవం: నున్నటి ఆకు మీద అలా జరగదు. ఆకు అంచులు మాడుతుంటే బోరు నీళ్లలో ఉప్పు ఉందేమో, మందు మిట్టమధ్యాహ్నం కొట్టారేమో చూసుకోండి.

అపోహ: టమాటా పూత పగటి ఎండకే రాలుతుంది, టానిక్ కొడితే నిలుస్తుంది.

వాస్తవం: పగలు 35 డిగ్రీలు దాటితే పుప్పొడి సత్తువ తగ్గే మాట నిజమే. కానీ రాత్రి వేడిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. రాత్రి ఉష్ణోగ్రత 24-25 డిగ్రీల కంటే కిందికి దిగకపోతే టమాటాలో కాయ కట్టడం బాగా తగ్గిపోతుంది. రాలిన పూలు కొన్ని ఏరి చూడండి: కాడ మధ్య కణుపు దగ్గర పసుపు తిరిగి తెగి ఉంటాయి, లోపల పిందె ఎదిగిన జాడే ఉండదు. చచ్చిన పుప్పొడిని ఏ టానిక్కూ బతికించదు. తోట మీద కప్పే నీడ వల, అదే షేడ్‌నెట్, కూడా పగటి ఎండనే ఆపుతుంది, రాత్రి వేడికి దానితో పనిలేదు. వేసవిలో మన మార్కెట్లకు మదనపల్లె టమాటా వచ్చేది ఊరికే కాదు, ఆ ప్రాంతం సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉంది, అందుకే అక్కడ రాత్రులు మనకంటే చల్లగా ఉంటాయి. మనలాంటి చోట మార్చి లోపే కాయ కట్టేలా నాటుకోవడం ఒక్కటే దారి. ఎండలు ముదిరాక పండు ఎర్రబడకుండా నారింజ రంగులోనే ఆగిపోయినా విత్తనాన్ని తిట్టకండి, 30 డిగ్రీలు దాటితే ఆ ఎరుపు సరిగా రాదు.

అపోహ: టమాటా కాయ అడుగు నల్లబడటం తెగులు.

వాస్తవం: కాదు, కాయకు కాల్షియం అందకపోవడం. నేలలో ఉన్నా, ఒకరోజు బోదె నిండా పారించి నాలుగు రోజులు వదిలేస్తే అది కాయదాకా చేరదు. తెగులు మందుకు పెట్టిన డబ్బు దండగ.

అపోహ: తీగల నిండా మగపూలే వస్తున్నాయంటే నకిలీ విత్తనం.

వాస్తవం: వేడి, పొడుగు పగళ్లు మగపూలను పెంచుతాయి. ఉన్న కాసిని ఆడపూలనైనా కాపాడుకోవాలంటే చేత్తో పుప్పొడి అద్దొచ్చు, కానీ వేళ తెలియాలి. కాకర, దోస పొద్దున్నే విచ్చుకుంటాయి. బీర, సొర సాయంత్రం. పొద్దున పదింటికి బీరపూలు పట్టుకుని కూర్చుంటే లాభం లేదు!

అపోహ: షేడ్‌నెట్ ఎంత దట్టంగా ఉంటే అంత మంచిది.

వాస్తవం: ఎండను 75 శాతం ఆపే నెట్ కింద టమాటా, మిర్చి పొడుగ్గా సాగిపోయి పూత తగ్గుతుంది. 35 నుంచి 50 శాతం చాలు. బెండకు, గోరుచిక్కుడుకు అసలు అక్కర్లేదు. నెట్ కొనే స్తోమత కొద్దిగానే ఉంటే కొత్తిమీర మడి మీద వేయండి, వేసవిలో దాని ధర మీకు తెలిసిందే.

బెండ ఆకుల ఈనెలు పసుపు తిరిగితే మాత్రం దాన్నీ ఎండ ఖాతాలో వేయకండి. అది తెల్లదోమ మోసుకొచ్చే వైరస్, పల్లాకు తెగులు. ఆ మొక్కకు ఎన్ని నీళ్లు పెట్టినా తేరుకోదు. కనబడగానే పీకి తోట బయట పారేయాలి.