దొరికిన టేపు, కనబడని దెయ్యం

తాను చంపించానని జనం అనుకుంటున్న నటులు బతికే ఉన్నారని నిరూపించుకోవాల్సిన పరిస్థితి ఒక దర్శకుడికి వచ్చింది. ఆయన ఇటలీకి చెందిన రుగ్గెరో డియోడాటో. సినిమా 1980లో వచ్చిన 'క్యానిబల్ హోలోకాస్ట్'. మిలాన్‌లో ప్రదర్శన మొదలైన పది రోజులకే అధికారులు దాన్ని జప్తు చేశారు. ముందు అశ్లీలత కేసు పెట్టారు, ఆ తర్వాత హత్య అనుమానం కూడా వచ్చింది. ఏడాదిపాటు ఎక్కడా కనిపించబోమని నటులు ఒప్పందం రాసిచ్చి మాయమవడంతో ఆ అనుమానం ఇంకా ముదిరింది. వాళ్లను వెతికి తీసుకొచ్చి చూపించాకే ఆ ఆరోపణ పోయింది.

ఎవరో తీసి వదిలేసిన టేపు దొరికినట్టు చూపించే, ఫౌండ్ ఫుటేజ్ హారర్ అని ఇప్పుడు మనం పిలిచే పద్ధతి స్పష్టంగా కనిపించేది ఇక్కడి నుంచే. అమెజాన్ అడవికి వెళ్లి తిరిగి రాని ఒక డాక్యుమెంటరీ బృందం, వాళ్లు వదిలేసిన ఫిల్మ్ డబ్బాలు, ఇదీ కథ. ఆ డబ్బాల్లోని భాగాన్ని డియోడాటో సన్నటి ఫిల్మ్ వాడే 16 ఎంఎం కెమెరాతో, చేత్తో పట్టుకుని తీయించాడు. మిగతా సినిమా 35 ఎంఎంలో, మామూలు సినిమాలాగే ఉంటుంది. పక్కన శుభ్రమైన బొమ్మ ఉండటం వల్ల గీతలు పడ్డ బొమ్మ నిజమనిపించింది. ఇంకో కారణం కూడా ఉంది, అది చెప్పడానికే బాధగా ఉంటుంది. ఈ సినిమాలో జంతువుల్ని నిజంగా చంపారు. ఆ చావులు నిజమని కళ్లకు తెలుస్తున్నప్పుడు, అదే కెమెరా చూపించే మనుషుల చావులు నటన అని ఎలా నమ్మాలి? కళ పేరుతో దాన్ని సమర్థించలేం.

నిజంలా నమ్మించే ఎత్తు మాత్రం సినిమాకంటే పాతది. 1897 నాటి 'డ్రాక్యులా' నవలంతా డైరీలు, ఉత్తరాలు, పత్రికల కత్తిరింపులే. 1938లో అమెరికా దర్శకుడు ఆర్సన్ వెల్స్ గ్రహాంతరవాసుల దాడిని రేడియో వార్తల రూపంలో వినిపించాడు. 1992 అక్టోబరు 31న బీబీసీ 'ఘోస్ట్‌వాచ్' అనే కార్యక్రమం ప్రసారం చేసింది. అందరికీ తెలిసిన టీవీ వ్యాఖ్యాతలు ఒక మామూలు ఇంట్లో దెయ్యం కోసం లైవ్‌లో చూస్తున్నట్టు ఉంటుంది. నిజానికి అంతా ముందే తీసిపెట్టుకున్నది. ఆ దెయ్యం కొన్ని చోట్ల ఫ్రేమ్ వెనక భాగంలో క్షణకాలం ఉండి పోతుంది, దాన్ని చూడమని ఎవరూ మనకు చెప్పరు. ఆ కాలంలో జనం దేన్ని నమ్ముతున్నారో భయం ఆ వేషమే వేసుకుని వచ్చింది: ఒకప్పుడు ఉత్తరం, తర్వాత రేడియో, ఆ పైన టీవీ.

1990ల నాటికి ఆ నమ్మకం హ్యాండీక్యామ్ మీదికి మారింది. పెళ్లిళ్లు, పుట్టినరోజులు, విహారయాత్రలు అన్నీ దాంట్లోనే. 1999లో వచ్చిన 'ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్' నిలబడింది ఆ అలవాటు మీదే. ఒక మంత్రగత్తె గురించి డాక్యుమెంటరీ తీయబోయి అడవిలో మాయమైన ముగ్గురి కథ అది. దర్శకులు డేనియల్ మిరిక్, ఎడ్వర్డో సాంచెజ్ తమ ముగ్గురు నటుల్ని 1997 అక్టోబరులో అమెరికాలోని మేరీల్యాండ్ అడవిలోకి పంపారు. వాళ్ల చేతికి ఒక హై8 వీడియో కెమెరా, ఒక 16 ఎంఎం కెమెరా ఇచ్చారు. షూటింగ్ ఎనిమిది రోజులు. సినిమాలో కనిపించేదంతా దాదాపు ఆ ముగ్గురూ తీసుకున్నదే. దారి జీపీఎస్ చూపించేది. ఆ రోజు ఎవరు ఏం చేయాలో విడివిడిగా చీటీలు అందేవి, ఒకరి చీటీలో ఏముందో ఇంకొకరికి తెలిసేది కాదు. తిండి రోజురోజుకీ తగ్గించారు. రాత్రిళ్లు దర్శకులే గుడారం బయట శబ్దాలు చేశారు. తెర మీది చిరాకు, అలసట, గొడవల్లో చాలావరకు అలా పుట్టినవే.

ఆ సినిమా అనగానే అందరూ కెమెరా ఊగడం గురించే మాట్లాడతారు. నాకు అంతకంటే ముఖ్యంగా కనిపించేది, ఆ కెమెరా చూడలేనిది ఎంత ఉందో. రాత్రి దాని లైటు కొన్ని చెట్ల వరకే పోతుంది, ఆ తర్వాత అంతా నలుపు. అమ్మాయి పరుగెత్తుతూ దేన్నో చూసి అరుస్తుంది, కెమెరా అటు తిరగదు. ఆమె క్షమాపణ చెప్పుకునే షాట్‌లో ముఖం సగం ఫ్రేమ్ దాటిపోయి ఉంటుంది. అనుభవం ఉన్న కెమెరామన్ ఎవరూ అలా పెట్టరు, మనం నమ్మడానికి కారణం సరిగ్గా అదే. అడవికి కూడా ప్రత్యేకమైన రూపం ఏమీ ఇవ్వలేదు. ఏ చెట్టు చూసినా ముందు చూసినట్టే ఉంటుంది, దారి తప్పినవాళ్లకు కావాల్సిన భయం అంతా అందులోనే ఉంది. మంత్రగత్తె కథ కల్పితం, కథలో చెప్పే బర్కిట్స్‌విల్ ఊరు మాత్రం నిజంగా ఉంది. ఆ ముగ్గురూ నిజంగానే మాయమయ్యారని నమ్మించే వెబ్‌సైట్, 'కనబడుటలేదు' పోస్టర్లు మిగతా పని చేశాయి. చాలా తక్కువ డబ్బుతో తీసిన ఆ సినిమా ప్రపంచవ్యాప్తంగా 24 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది.

తర్వాత వచ్చిన అనుకరణల్లో చాలావాటికి ఊపడం ఒక్కటే అర్థమైంది. 2008లో 'క్లోవర్‌ఫీల్డ్' ఆడుతున్నప్పుడు కళ్లు తిరగొచ్చని అమెరికాలో కొన్ని థియేటర్లు ముందే హెచ్చరిక పెట్టాల్సి వచ్చింది.

దానికి పూర్తిగా ఎదురు దారిలో వెళ్లినవాడు ఓరెన్ పెలి. శాన్ డియాగోలోని తన సొంత ఇంట్లో, సుమారు 15 వేల డాలర్లతో 'పారానార్మల్ యాక్టివిటీ' తీశాడు. పడకగదిలో ట్రైపాడ్ మీద కెమెరా కదలకుండా ఉంటుంది. ఒక పక్క మంచం, ఇంకో పక్క తెరిచిన తలుపు, దాని అవతల చీకటి. మూలన గడియారం అంకెలు పరుగెడుతూ ఉంటాయి, అవి మామూలు వేగానికి వచ్చాయంటే ఏదో జరగబోతోందని టెన్షన్ మొదలవుతుంది. ఎక్కడ చూడాలో చెప్పేవాళ్లు లేక, ప్రేక్షకుడు తనే ఫ్రేమంతా వెతుక్కుంటాడు. మూడో భాగంలో, 2011లో, కెమెరాను తిరిగే ఫ్యాన్ దిమ్మకు కట్టారు. అది అటు తిరిగినంతసేపు ఇటు ఏం జరుగుతోందో తెలియదు. ఈ పద్ధతిలో ఇంత తెలివైన కెమెరా పని నేను ఇంకోటి చూడలేదు.

'ఇంత ప్రమాదంలోనూ కెమెరా ఎందుకు పడేయరు?' అనే పాత ప్రశ్నకు గట్టి జవాబు స్పెయిన్ నుంచి వచ్చింది. 2007 నాటి 'రెక్'లో కెమెరా పట్టుకున్నవాడు టీవీ కెమెరామన్, తీయడమే అతని ఉద్యోగం. రిపోర్టర్ పాత్ర వేసిన మాన్యుయెలా వెలాస్కో నిజజీవితంలోనూ టీవీ వ్యాఖ్యాతే. బార్సిలోనాలోని నిజమైన భవనంలో తీశారు. కథలో అధికారులు ఆ భవనం తలుపులు మూసేశాక అక్కడున్న మెట్లొక్కటే దారి, కథతో పాటు కెమెరా కూడా ఆ మెట్లెక్కి పైకే పోవాలి. చివర్లో లైటు పగిలిపోయి, చీకట్లోనూ చూపించే నైట్ విజన్ ఒక్కటే మిగులుతుంది. అప్పుడు మనుషుల కంటే కెమెరాకే ఎక్కువ కనబడుతుంది.

2020 లాక్‌డౌన్‌లో రాబ్ సావేజ్ 'హోస్ట్' సినిమాను జూమ్ కాల్‌గా తీశాడు. నటులు ఎవరిళ్లలో వాళ్లుండి కెమెరాలు తామే అమర్చుకున్నారు. గంట కూడా లేని సినిమా అది. అక్కడ కెమెరా ఎందుకు ఆన్‌లో ఉందని అడగాల్సిన పనే లేదు.

ఫోన్లు ఇప్పుడు చీకట్లోనూ శుభ్రంగా తీస్తాయి, వణికే చేతిని కూడా సరిచేస్తాయి. అంత బాగా చూసే కెమెరాలో దెయ్యం దాక్కోవడానికి చోటు తగ్గిపోయింది. పాత వీడియో టేపుల పేరే పెట్టుకున్న 'వి/హెచ్/ఎస్' హారర్ సిరీస్‌లో 2021-23 మధ్య వచ్చిన భాగాలు 1994, 1999, 1985లకు వెనక్కి వెళ్లింది అందుకేనని నాకనిపిస్తుంది. ఆ టేపుల్లో రంగులు కారిపోతాయి, గీతలు పడతాయి, సరిగ్గా చూడాల్సిన చోట బొమ్మ చెదిరిపోతుంది.