‘మీరు ఆదా చేసింది రూ.612’: సరుకుల ఆఫర్లపై అపోహలు, వాస్తవాలు

విజయవాడలో ఒక సూపర్‌మార్కెట్‌లో తొమ్మిదేళ్లు గ్రోసరీ సెక్షన్ చూసుకున్నాను. ఆఫర్ బోర్డులు రాయించింది నేనే. ఇప్పుడు సొంతంగా పచారీ కొట్టు పెట్టుకుని గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్ నుంచి బస్తాలు దింపించుకుంటున్నాను. కాబట్టి నేను చెప్పేదాంట్లో కొంచెం కొట్టువాడి స్వార్థం ఉందనుకున్నా నాకేం అభ్యంతరం లేదు. లెక్కలు మాత్రం సరిచూసుకోండి.

మొన్న మా వీధి చివరింటి పిన్నిగారు ఒక బిల్లు తెచ్చి గల్లాపెట్టె మీద పెట్టారు. మొత్తం 3,140 రూపాయలు. కింద లావు అక్షరాల్లో ‘మీరు ఆదా చేసింది రూ.612’ అని ఉంది. “చూశావా అబ్బాయ్, నీ దగ్గర కొంటే ఇదంతా పోయేది” అన్నారు.

అపోహ: బిల్లు కింద వేసిన ఆదా అంతా మనకు మిగిలినట్టే

ఆ అంకె ఎమ్మార్పీ నుంచి లెక్కగట్టింది. పిన్నిగారి కందిపప్పు ప్యాకెట్ మీద కిలో 215 అని ఉంది, బిల్లులో వేసింది 168. అంటే కిలోకి 47 ఆదా అట. అసలు ఆ పప్పుని 215కి అమ్మే కొట్టు ఊళ్లో ఎక్కడుంది? నా దగ్గర ఆ రోజు ధర 162. రెండు కిలోలు కొన్నారు కాబట్టి ఆవిడ 12 రూపాయలు ఎక్కువే పెట్టారు. పప్పులు, రవ్వలు, పిండ్ల మీద ఎమ్మార్పీ ఎంత వేయాలో ప్యాక్ చేసేవాళ్లే నిర్ణయించుకుంటారు. తర్వాత కొట్టేసి చూపించడానికి వీలుగా కాస్త పైకే వేస్తారు. పేరున్న కంపెనీ సబ్బు, టూత్‌పేస్టు అలా కాదు. వాటి మీద కొట్టుకి మిగిలేదే తక్కువ, అందుకని అక్కడ పది శాతం తగ్గించారంటే అది నిజమైన తగ్గింపే.

బిల్లు వెనక పెన్సిల్‌తో రాసి చూపించాను. పంచదార మీద 36, ఐదు లీటర్ల నూనె డబ్బా మీద 60, సబ్బుల ప్యాక్ మీద 30 నిజంగానే మిగిలాయి. పప్పు మీద పోయిన 12 తీసేస్తే 114. అక్కడి నుంచి ఆటోకి 80 ఇచ్చానని ఆవిడే అన్నారు. తర్వాత కాసేపు ఏమీ మాట్లాడలేదు.

అపోహ: 999 దాటితే కిలో పంచదార 9 రూపాయలకే అంటే వదులుకోకూడదు

మీ చీటీలో రాసుకున్నవే 999 దాటితే హాయిగా తీసుకోండి. 860 దగ్గర ఆగితేనే చిక్కు. కౌంటర్లో అమ్మాయి “ఇంకో 139కి ఏమైనా తీసుకోండి మేడమ్” అంటుంది. అలా అనమని నేర్పేది మేమే. ఆ చుట్టుపక్కల చేతికి అందేలా ఏమేం పెట్టాలో కూడా ముందే అనుకుని ఉంటాం: చాక్లెట్లు, చిప్స్, తల దువ్వెనలు. 45 రూపాయల పంచదారలో 36 మిగుల్చుకోవడానికి 139 ఖర్చన్నమాట. పిన్నిగారు అంతకుముందు ఒకసారి అలా తెచ్చుకున్నది నేల తుడిచే లిక్విడ్. ఇంట్లో అప్పటికే రెండు సీసాలున్నాయి.

యాప్ కూపన్లదీ, కార్డు ఆఫర్లదీ ఇదే వరస. ‘10 శాతం తగ్గింపు, గరిష్ఠంగా రూ.150’ అంటే 1,500 బిల్లు వరకే పది శాతం. అదే 4,000 బిల్లయితే నాలుగు శాతం కూడా రాదు. ఆ పక్కనే డెలివరీ, హ్యాండ్లింగ్, చిన్న ఆర్డర్ చార్జీలుంటాయి. కూపన్ కొట్టాక కాదు, అన్నీ కలిపిన చివరి అంకె చూడండి.

అపోహ: బస్తా ధర తక్కువైతే బియ్యం చౌక

ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్లలో పెద్ద ఖర్చు బియ్యమే. “ఇదేం లెక్కండీ, 26 కిలోల బస్తా ఏమిటి?” అని ఇప్పటికీ అడుగుతుంటారు. 2022 జూలై 18 నుంచి, ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం, పప్పులు, పిండ్లు 25 కిలోల వరకూ ఉంటే 5 శాతం జీఎస్టీ పడుతోంది. 25 దాటితే పడదు. మిల్లులవాళ్లు ఇంకో కిలో కలిపి 26 చేశారు, అంతే.

ఒకే రకం బియ్యం 25 కిలోల బస్తా 1,475, 26 కిలోలది 1,508 అనుకుందాం. 33 తక్కువ కదా అని మొదటిది మోసుకెళ్తారు. ఆ 33కి ఇంకో కిలో బియ్యం వచ్చేదని చూడరు. అంత బస్తా ఖర్చు కాని ఇల్లయితే కొట్లో తూకం వేయించుకుని ఐదు కిలోలు విడిగా కొనుక్కోండి. విడి బియ్యానికీ ఆ పన్ను లేదు. తూచే ముందు కాటా సున్నా చూపిస్తోందో లేదో చూడటం మర్చిపోకండి. నా కొట్లో అయినా సరే.

అపోహ: పెద్ద ప్యాకెట్ ఎప్పుడూ లాభం

షాంపూ సీసా, సాచె పక్కపక్కన పెట్టి ఎంఎల్ లెక్క వేయండి. చాలా బ్రాండ్లలో సాచెలే చౌక. పది రూపాయల బిస్కెట్ ప్యాకెట్లూ ఒక్కోసారి ఫ్యామిలీ ప్యాక్‌ని ఓడిస్తాయి. పది దాటితే కొనేవాళ్లు తగ్గిపోతారని కంపెనీలు అక్కడ జాగ్రత్తగా ఉంటాయి.

నూనె దగ్గర తిరకాసు వేరు. లీటరు నూనె సుమారు 910 గ్రాములు. పక్కనే అచ్చం అలాగే కనిపించే ప్యాకెట్‌లో 850 గ్రాములే ఉండొచ్చు. 910 గ్రాములది 138, 850ది 132 అయితే చెయ్యి రెండోదాని మీదకే పోతుంది. కిలో లెక్కన చూస్తే మొదటిది 152 లోపు, రెండోది 155 పైన. ఇప్పుడు ప్యాకెట్ల మీద గ్రాముకో, కిలోకో ఎంత పడుతుందో కూడా ముద్రించాలి. చిన్న అక్షరాల్లో ఉంటుంది, వెతకండి. కానీ అది ఎమ్మార్పీ మీద వేసిన లెక్క. ఆఫర్ ధరకి మళ్లీ మీరే భాగించుకోవాలి, ఫోన్ చేతిలోనే ఉంటుందిగా.

అపోహ: ఒకటి కొంటే ఒకటి ఉచితం అంటే కంపెనీ ఉదారంగా ఇస్తోంది

కొన్నిసార్లు నిజమే, కొత్త సరుకు అలవాటు చేయడానికి ఇస్తారు. మా సెక్షన్‌లో మాత్రం గడువు నెలన్నరకి వచ్చిన ఓట్స్, నూడుల్స్ లెక్క తీసి, రెండేసి కలిపి టేపు చుట్టడం నెలనెలా ఉండే పని. తప్పేమీ లేదు, పదిహేను రోజుల్లో తినేసే ఇల్లయితే మంచి బేరం. గడువు తేదీ మీద టేపు పడిందేమో చూసుకోండి. పాత సరుకు ముందు వరసలో, కొత్తది వెనక పెడతాం. నేనూ అంతే.

అపోహ: ఎమ్మార్పీ మీద జీఎస్టీ అదనం

కాదు. ఎమ్మార్పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. ఎక్కువ అడిగితే 1915కి ఫోన్ చేయండి.

అపోహ: ఏడాది సరుకు కొనడం పాతకాలం మాట

నా మటుకు ఇంతకన్నా పెద్ద కూపన్ లేదు. కొత్త చింతపండు, మిరపకాయలు, పసుపు, డెల్టాలో మినుములు, అన్నీ ఫిబ్రవరి, ఏప్రిల్ మధ్యే దిగుతాయి. మన అమ్మమ్మలు వేసవిలో జాడీలు కడిగి ఎండబెట్టింది ఊరికే కాదు. గుంటూరు మిర్చి యార్డులో ఆ రోజుల్లో కొత్త కాయ వస్తుంది, తర్వాత వచ్చేదాంట్లో చాలావరకు కోల్డ్ స్టోరేజీ సరుకు, ఆ అద్దె కూడా ధరలో ఉంటుంది. గింజ తీసి ఎండబెట్టిన చింతపండుని ఉప్పు చల్లి జాడీలో అదిమి పెడితే ఏడాదికి ఢోకా లేదు. నల్లబడుతుంది, పులుపు పోదు.

అలాగని అన్నీ నింపేయొద్దు. వేరుశనగ గుళ్లు, జీడిపప్పు మెత్తబడి కంపు కొడతాయి. రవ్వ పురుగు పడుతుంది. తేమ ఎక్కువున్న ఫ్లాట్లలో కందిపప్పు కూడా మూడు నెలలకు మించొద్దు. పాడైన కిలో పప్పు ధర ఏ ఆఫరూ తిరిగి ఇవ్వదు.

కూరగాయలకైతే 1999లో మొదలైన రైతు బజార్లు ఉన్నాయి. అక్కడ కొనకపోయినా బోర్డు మీద ఆ రోజు ధరలు చూసుకుంటే యాప్‌లో టమాటా ఎంతలో ఉందో మీకే తెలుస్తుంది.

పిన్నిగారు ఆ షాపుకి వెళ్లడం మానలేదు. మానమని నేనూ అనలేదు. నూనె డబ్బా, సబ్బులు, పేస్టులు రెండు నెలలకోసారి అక్కడ ఒకే బిల్లులో వేయించుకుని పంచదార తెచ్చుకుంటున్నారు. పప్పు, బియ్యం నా దగ్గర. నిన్న కందిపప్పు అడిగితే 164 చెప్పాను. “సందు మొదట్లో 160 అంటున్నాడు అబ్బాయ్” అన్నారు, చేతిలో చిన్న నోటు పుస్తకం తెరిచి. 160కే ఇచ్చాను.