వానలో వల: పిల్లలకు ఒక ఉత్తరం

విశాఖపట్నం

చిరంజీవులైన తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ఆశీస్సులు.

సముద్రం మీద మీరు రాసిన కవితలన్నీ చదివాను. దాదాపు అన్నింటిలోనూ సముద్రం నీలంగా ఉంది, అలలు నాట్యం చేస్తున్నాయి. సముద్రాన్ని ఒక్కసారి కూడా చూడనివాళ్లు రాయగల మాటలివి. మీరు విశాఖలో పెరిగిన పిల్లలు కదా! ఉప్పుగాలికి ఇంటి గేటు ఎంత త్వరగా తుప్పు పడుతుందో మీకు తెలుసు. ఫిషింగ్ హార్బరులో చేపల వేలం ఎంత గోలగా సాగుతుందో అటువైపు ఉండేవాళ్లకు తెలుసు. ఆరేసిన తెల్ల చొక్కా మీద నల్లటి నలుసులు వాలితే అమ్మ ఏమంటుందో కూడా తెలుసు. వీటిలో ఒక్కటీ కాగితం మీదికి రాలేదు. ఒక అమ్మాయి మాత్రం ‘వాన మొదలైతే మా తలుపు మూసుకోదు’ అని రాసింది. మిగతా కవిత సామాన్యమే గాని, ఆ ఒక్క పాదం కోసం ఆ కాగితం దాచుకున్నాను.

ఇక చదవడం సంగతి. పద్యం కనబడగానే ప్రతిపదార్థానికీ తాత్పర్యానికీ పరిగెడతారు. పరీక్షలో అవి రాయాల్సిందే, కాదనను. అంతకుముందు ఒకటికి రెండుసార్లు పైకి చదవండి. పాదంలోని అక్షరాలను గురువు, లఘువుల లెక్కన గణాలనే చిన్న గుంపులుగా విడగొట్టే గణవిభజన కూడా పెన్సిలు కన్నా ముందు చెవి చేయవలసిన పని. మీకోసం ఆటవెలదిలో ఒక పాదం కట్టాను:

వలను విసిరినాడు వానలోన

‘వలను’, ‘విసిరి’ రెండూ న గణాలు. అంటే మొదటి ఆరు అక్షరాలూ పొట్టిగా పలికే లఘువులే, గబగబా దొర్లిపోతాయి. చేతి విసురు అక్కడ ఉంది. ఆ తర్వాత ‘నాడు’, ‘వాన’, ‘లోన’. మూడుసార్లూ నిడివిగా పలికే గురువు మీద గొంతు సాగి, లఘువు మీద దిగుతుంది. వల విప్పారి మెల్లగా నీళ్లలో మునుగుతున్నట్టు లేదూ? పాదం మొదటి అక్షరానికి మధ్యలో జత కుదిర్చే యతి కూడా చూడండి: మొదటి గణంలో ‘వ’, నాలుగో గణంలో ‘వా’. వలకూ వానకూ ముడి వేసింది ఆ అక్షరమే. ఇదే సంగతిని ‘జాలరి వానలో వల విసిరాడు’ అని చెప్పినా తాత్పర్యం మారదు. తాత్పర్యం ఒక్కటే రాసి ఊరుకునేవాళ్లకు ఈ రెండింటి తేడా ఎప్పటికీ అందదు.

ఛందస్సు ఇప్పుడెందుకు, వచన కవిత చాలదా అని వెనక బెంచీ వాళ్లు అడుగుతారని తెలుసు. 1910లో ఈ ఊళ్లోనే పుట్టిన శ్రీశ్రీ కూడా 1928లో వచ్చిన తొలి పుస్తకం ‘ప్రభవ’లో పద్యాలే రాశాడు. తర్వాత పద్యాన్ని వదిలిపెట్టినా, ఆయన గేయాల నడకలో మాత్రల లెక్క వినిపిస్తూనే ఉంటుంది.

స్నేహితుడు కవిత వినిపిస్తే ‘సూపర్’ అని చప్పట్లు కొట్టి వదిలేయకండి. ఏ మాట దగ్గర ఆగిపోయారో, ఏ మాట నమ్మబుద్ధి కాలేదో చెప్పండి. ‘అలలు నాట్యం చేశాయన్నావు, ఏ ఒడ్డున, ఏ వేళప్పుడు చూశావు?’ అని అడగండి. కాసేపు ఉడుక్కుంటాడు, పరవాలేదు. పేరున్న కవుల విషయంలోనూ ఇంతే. నచ్చకపోతే నచ్చలేదనే రాయండి, కాకపోతే ఏ పాదం వల్లనో వేలు పెట్టి చూపించాలి. గైడులో అచ్చేసిన కవి హృదయం మాత్రం నాకు పంపవద్దు. అది నా దగ్గరా ఉంది.

న గణాన్నీ, గురువు తర్వాత లఘువు వచ్చే గణాన్నీ సూర్యగణాలంటారు. పైన ఇచ్చిన పాదంలో ఐదు సూర్యగణాలున్నాయి కాబట్టి అది రెండో పాదమో నాలుగో పాదమో కావాలి. మిగిలిన మూడూ మీరు పూర్తి చేయండి. ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాల తర్వాత, వాటికన్నా పెద్దవైన ఇంద్రగణాలు రెండు రావాలని మరచిపోకండి. జాలరికి చేపలు పడ్డాయో లేదో మీ ఇష్టం.

ఇట్లు,
మీ పాత తెలుగు మాస్టారు