చుక్కల ఫోటోలు తీస్తామంటున్న పిల్లలకు

హన్మకొండ,
ఫాల్గుణ మాసం

సహస్రకు, వరుణ్‌కు తాత ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో సహస్ర అడిగిన ప్రశ్న నాకు చాలా నచ్చింది. "తాతా, ఓరియన్ నెబ్యులా, అదే చుక్కల మధ్య ఉండే ఆ వాయు మేఘం, ఫోటోల్లో ఎర్రగా, గులాబీ రంగులో ఉంటుంది. మన టెలిస్కోప్‌లో చూస్తే బూడిద రంగు మసక తప్ప ఏం లేదు. మనది మంచిది కాదా? కెమెరా పెడితే రంగులొస్తాయా? ఏది కొనాలి?" మీ నాన్న ఆర్డర్ పెట్టేలోపే ఈ ఉత్తరం చేరాలని ఇవాళే రాస్తున్నా.

మీ టెలిస్కోప్‌కు ఏ లోపమూ లేదు. మీ కళ్లకూ లేదు. కన్ను చేసే పని వేరు, కెమెరా చేసే పని వేరు.

ఇప్పుడు ములుగు అడవుల్లో ఇప్పపూలు రాలే రోజులు. నా చిన్నప్పుడు ఈ నెల వచ్చిందంటే మా బాపమ్మ తెల్లవారకముందే లేపేది. చెట్టు కింద ఎండుటాకులు ముందురోజే ఊడ్చి శుభ్రం చేసి ఉంచేది. ఇప్పపువ్వు కోస్తే వచ్చేది కాదు. రాత్రంతా దానంతటదే ఒక్కొక్కటిగా రాలాలి. లేత పసుపు రంగు, మందంగా రసం నిండి ఉండేది, పట్టుకుంటే వేళ్లకు జిగట అంటేది. ఆ తీపి వాసన చొక్కాకు పట్టి బడిదాకా వచ్చేది. ఆ పూలంటే ఎలుగుబంటికీ ఇష్టమే కదా, అందుకని గట్టిగా మాట్లాడుకుంటూ, కర్రతో నేలకు కొడుతూ నడిచేవాళ్లం. నేను తొందరపడి కొమ్మ ఊపబోతే బాపమ్మ చేయి పట్టుకుని ఆపేది. "రాలనియ్యి బిడ్డా" అనేది.

చుక్కల వెలుగు కూడా ఇప్పపూల లెక్కనే రాలుతుంది, ఒక్కొక్క రేణువుగా. కన్ను అంటే చెట్టు కింద పట్టిన దోసిలి. సెకనులో చిన్న భాగం పట్టుకుని వదిలేస్తుంది, మళ్లీ ఖాళీ దోసిలి పడుతుంది. పోగుచేయడం దానికి చేతకాదు. పైగా అంత తక్కువ వెలుతురులో కంట్లో రంగులు గుర్తించే కణాలు పని చేయవు, నలుపు తెలుపు కణాలే చూస్తాయి. బూడిద రంగు అందుకే. కెమెరా మాత్రం చెట్టు కింద దుప్పటి పరిచి కూర్చుంటుంది. పడింది పడినట్టు పోగవుతూనే ఉంటుంది. ఆ నెబ్యులాలో హైడ్రోజన్ వాయువు ఎర్రగా వెలుగుతోంది. ఆ ఎరుపు అప్పుడు బయటపడుతుంది.

టెలిస్కోప్ చేసేది దుప్పటిని పెద్దది చేయడం. చీకట్లో మీ కంటిపాప మహా అయితే 7 మిల్లీమీటర్లు విచ్చుకుంటుంది. మీ గొట్టం నోరు 100 మిల్లీమీటర్లు. అంటే 200 రెట్లు ఎక్కువ వెలుగు.

ఇక్కడ ఒక చిక్కుంది. ఈ చెట్టు ఒకచోట నిలబడదు, నడుస్తూ ఉంటుంది. భూమి తిరుగుతోంది కాబట్టి ఆకాశం గంటకు 15 డిగ్రీలు పడమటికి జరుగుతుంది. దుప్పటిని కూడా దానితోపాటే జరపకపోతే చుక్క గీత అయిపోతుంది. మామూలు ట్రైపాడ్ మీద 50 మిల్లీమీటర్ల లెన్స్ పెడితే ఎనిమిది, పది సెకన్ల దాకా ఫర్వాలేదు. టెలిస్కోప్‌కు కెమెరా బిగిస్తే ఒక్క సెకను కూడా ఆగదు. అందుకే ఆకాశంతోపాటు తిరిగే మోటారు స్టాండు కావాలి. ఈక్వటోరియల్ మౌంట్ అంటారు. దాని ఇరుసు ధ్రువ నక్షత్రం వైపు పెట్టాలి. మా దగ్గర అది ఉత్తరాన 18 డిగ్రీల ఎత్తులో ఉంటుంది, మీ మంచిర్యాలలో దాదాపు 19. చేయి చాచి పిడికిలి బిగిస్తే ఒక పిడికిలి సుమారు 10 డిగ్రీలు. దిగంతం నుంచి రెండు పిడికిళ్లకు కాస్త తక్కువ, అక్కడ వెతకండి. మీ నాన్నతో నా మాటగా చెప్పండి: డబ్బు పెట్టాల్సింది ముందు ఈ స్టాండు మీద, ఆ తర్వాతే కెమెరా మీద. ఊగే కాళ్ల మీద ఎంత ఖరీదైన కెమెరా పెట్టినా దండగే.

దుప్పటి మీద పూలే పడవు. చెత్త కూడా పడుతుంది. కెమెరా తనంతట తాను వేడికి పుట్టించే గరుకు, అంటే ఫోటో నిండా కనిపించే ఇసుకలాంటి మచ్చలు (నాయిస్ అంటారు), అలాంటిది. అందుకని గొట్టానికి మూత పెట్టేసి, అంతే సమయం, అదే చలిలో కొన్ని ఫోటోలు తీస్తారు. చెట్టు లేనిచోట దుప్పటి పరిస్తే ఎంత చెత్త పడుతుందో చూసి, దాన్ని తీసేయడమన్నమాట. ఇక వీధి దీపాల వెలుగు పక్కనున్న మోదుగ చెట్టు పూలు వచ్చి కలిసిపోయినట్టు. ఏరడం కష్టం. అమావాస్య దగ్గర్లో ఊరి దీపాలకు దూరంగా పోవడమే దానికి మందు. ఈసారి సెలవుల్లో వస్తే రామప్ప వైపు తీసుకుపోతాను.

ఒకే పెద్ద ఫోటో కన్నా చిన్నచిన్నవి చాలా తీసి కలపడం మేలు. 4 కలిపితే గరుకు సగానికి తగ్గుతుంది, 100 కలిపితే పదో వంతుకు. కలిపే పనికి డీప్‌స్కైస్టాకర్, సిరిల్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. గురుడు, శని అయితే ఐపీస్, అంటే కన్ను పెట్టి చూసే చిన్న కటకం, తీసి ఆ చోట్లో చిన్న ప్లానెటరీ కెమెరా పెడతారు. ల్యాప్‌టాప్‌కు కలిపి వీడియో తీసి, అందులో గాలి కదలకుండా స్పష్టంగా వచ్చిన ఫ్రేములే ఏరుకుంటారు. డీఎస్ఎల్ఆర్, అంటే లెన్స్ మార్చుకునే పెద్ద కెమెరా, బిగించాలంటే దాన్ని టెలిస్కోప్‌కు కలిపే టీ-రింగ్ అనే కడియం కావాలి. కానీ మీదానిలాంటి, అద్దంతో వెలుగు పట్టే టెలిస్కోపులు చాలావాటిలో డీఎస్ఎల్ఆర్‌కు ఫోకస్ అందదు. ఎవరిదైనా అడిగి పెట్టి చూడకుండా కొనొద్దు.

మొదట ఇదంతా చేసినవాళ్లకు ఇన్ని సౌకర్యాలు లేవు పిల్లలూ. 1840లో జాన్ విలియం డ్రేపర్ అనే ఆయన న్యూయార్క్‌లో చంద్రుడి ఫోటో తీశాడు. నలభై ఏళ్లకు, 1880 సెప్టెంబర్ 30న, ఆయన కొడుకు హెన్రీ డ్రేపర్ సరిగ్గా మీరు చూసిన ఆ నెబ్యులానే తీశాడు. అదే మొట్టమొదటి నెబ్యులా ఫోటో. దాదాపు 50 నిమిషాలు గొట్టాన్ని చుక్క వెంట నడిపాడు. మన హైదరాబాద్ తక్కువేం కాదు. 1887లో పారిస్‌లో చాలా దేశాలు కలిసి ఆకాశమంతా ఫోటోలు తీసి పటం చేద్దామని మొదలుపెట్టిన పనిలో ఒక వాటా నిజామియా అబ్జర్వేటరీకి వచ్చింది. గాజు పలకల మీద ఫోటోలు తీసి, ఒక్కో చుక్క స్థానం కొలిచి పట్టీలు రాశారు. ఇవాళ అన్నీ ఒక్క టచ్‌తో రావాలని తొందరపడుతున్నాం. ఆ గాజు పలకల మీద వంగి ఏళ్లకేళ్లు కూర్చున్నవాళ్లను కాస్త తలుచుకోండి.

కెమెరాలో పడిన వెలుగు అంకె ఎట్లా అవుతుందని వరుణ్ తప్పకుండా అడుగుతాడు. అది మరోసారి రాస్తాను. నన్ను ఇప్పటికీ నిద్ర పోనివ్వనిది వేరే ఉంది. ఆ నెబ్యులా మనకు సుమారు 1,300 కాంతి సంవత్సరాల దూరం. అంటే ఆ వెలుగు బయల్దేరినప్పుడు మన వేయిస్తంభాల గుడి లేదు. అది 1163 నాటిది. ఓరుగల్లు కోట లేదు. ఇన్ని వందల ఏళ్లు దేనికీ తగలకుండా వచ్చి వచ్చి, మంచిర్యాలలో మీ మిద్దె మీద, మీ గొట్టంలోనే పడింది. దానికి నా దగ్గర వివరణ లేదు. ఉట్టి ఆశ్చర్యమే ఉంది.

ఇప్పటికి మీకు ఫోన్ చాలు. పున్నమి దాకా ఆగొద్దు. శుక్ల అష్టమి చంద్రుడిని పట్టండి. వెలుగూ నీడా కలిసే గీత దగ్గర గుంటలు, కొండలు బాగా తేలతాయి. 25 మిల్లీమీటర్ల ఐపీస్ పెట్టి, ఫోన్ హోల్డర్ బిగించండి. తెర మీద చంద్రుడిని తాకి వెలుగు తగ్గించండి, లేకుంటే అంతా తెల్లగా కొట్టుకుపోతుంది. వేలు తగిలితే గొట్టం ఊగుతుంది, అందుకని మూడు సెకన్ల టైమర్ పెట్టండి. పగలు మాత్రం గొట్టం ముందు సోలార్ ఫిల్టర్ లేకుండా సూర్యుడి వైపు అసలు తిప్పొద్దు. కళ్లు పోతాయి. ఇది పెద్దవాళ్లు ఉన్నా సరే పాటించాల్సిన మాట.

ఒక నోటుపుస్తకం పెట్టుకుని తేదీ, టైమ్, ఐపీస్, గాలి ఎట్లా ఉందో రాయండి. అష్టమి రాత్రి తీసిన ఫోటోల్లో బాగున్నవే కాదు, అన్నీ నాకు వాట్సాప్ చేయండి. ఏది ఎందుకు చెదిరిందో ఇద్దరూ చెరొక కారణం రాసి పంపాలి.

మీ
తాత