మీ జీవితంలో ఎన్ని ఫిబ్రవరి 29లు? లీపు లెక్కలో అపోహలు - వాస్తవాలు

ఒంగోలులో పోటీ పరీక్షలకు చదివే పిల్లలకి అర్థమెటిక్, రీజనింగ్ చెబుతుంటాను. క్యాలెండర్ చాప్టర్ మొదలుపెట్టే రోజు బోర్డు మీద ఏమీ రాయను. ఒకటే అడుగుతాను: "మీరు పుట్టినప్పటి నుంచి ఇవాళ్టి దాకా ఫిబ్రవరి 29 ఎన్నిసార్లు వచ్చింది?" నిమిషం గడవకముందే చేతులు లేస్తాయి. జవాబుల్లో చాలావరకు తప్పులే. పిల్లలకి తెలివి లేక కాదు. చిన్నప్పుడు సగం విన్న మాట సగంగానే ఉండిపోయింది, అంతే. ఏటా నాకు ఎదురయ్యే అపోహలు ఇవి.

అపోహ: వయసుని నాలుగుతో భాగిస్తే చాలు, లీపు రోజులు వచ్చేస్తాయి.

వాస్తవం: ఇక్కడ లెక్క వయసుది కాదు, మనం దాటి వచ్చిన ఫిబ్రవరి 29లది. ఒకమ్మాయి 2000 ఫిబ్రవరి 10న, ఒకబ్బాయి అదే ఏడాది మార్చి 10న పుట్టారనుకోండి. ఇద్దరికీ నెల కూడా తేడా లేదు. ఇద్దరికీ 22 ఏళ్లు నిండేసరికి ఆ అమ్మాయి ఆరు లీపు రోజులు చూసింది, అబ్బాయి ఐదే చూశాడు. 22ని నాలుగుతో భాగిస్తే వచ్చే ఐదున్నర ఇద్దరికీ పనికిరాదు.

నేను చెప్పే పద్ధతి సులభం. పుట్టిన సంవత్సరాన్ని నాలుగుతో భాగించి శేషం వదిలేయండి. పుట్టింది జనవరి, ఫిబ్రవరి నెలల్లో అయితే ఆ సంవత్సరంలోంచి ఒకటి తీసేసి ఆ తర్వాత భాగించండి. ఏ రోజు దాకా లెక్క కావాలో ఆ సంవత్సరాన్నీ అలాగే భాగించండి. ఆ ఏడాది ఫిబ్రవరి 29 ఇంకా రాకపోతే అక్కడా ఒకటి తీసేయాలి. రెండో భాగఫలంలోంచి మొదటిది తీసేస్తే మీ లీపు రోజులు. 1975 జూన్‌లో పుట్టినవాళ్లకి 1975లో నాలుగు 493 సార్లు పోతుంది. 2024 చివరిదాకా చూస్తే 506. తేడా 13. ఇప్పుడు మన మధ్య ఉన్నవాళ్లకి ఈ పద్ధతి సరిపోతుంది. 1900కి ముందు పుట్టినవాళ్లకి మాత్రం పొరపాటు వస్తుంది.

అపోహ: నాలుగుతో నిశ్శేషంగా భాగించబడే ప్రతి ఏడాదీ లీపు సంవత్సరమే.

వాస్తవం: వందతో భాగించబడితే కాదు. నాలుగు వందలతో కూడా భాగించబడితే మళ్లీ అవును. 1900 లీపు కాదు, 2000 లీపు, 2100 కాదు.

ఈ మెలిక ఎందుకని అడిగేవాళ్లు తక్కువ. అడిగితే మాత్రం నాకు ఆ రోజు పండగే. భూమి సూర్యుణ్ణి చుట్టి రుతువులు మళ్లీ మొదటికి రావడానికి 365 రోజుల 5 గంటల 48 నిమిషాల 45 సెకన్లు పడుతుంది. "ఆరు గంటలు" అని మనం గుండుగుత్తగా అనేస్తాం. నాలుగేళ్లకి మిగిలేది 23 గంటల 15 నిమిషాలే, మనం కలిపేది మాత్రం పూర్తి 24 గంటలు. అంటే లీపు రోజు వేసిన ప్రతిసారీ ముప్పావు గంట ఎక్కువ వేస్తున్నాం. వంద మెలిక లేకుండా ప్రతి నాలుగేళ్లకీ లీపు వేసిన పాత జూలియన్ క్యాలెండర్‌లో ఆ ముప్పావు గంటలు శతాబ్దాల తరబడి పోగుపడి పది రోజులయ్యాయి. దాన్ని సరిచేయడానికి 1582లో అక్టోబరు 4 గురువారం తర్వాతి రోజుని 15 శుక్రవారంగా లెక్కపెట్టారు. ఆ తప్పు మళ్లీ జరగకుండా 400 ఏళ్లలో 100 లీపు సంవత్సరాలకి బదులు 97 ఉంచారు. పరీక్షలో వందేళ్లకి 25 లీపు సంవత్సరాలని వేసుకుంటే విషమ దినాల (మొత్తం రోజుల్ని ఏడుతో భాగిస్తే మిగిలేవి) లెక్క అక్కడే పోతుంది. మామూలు శతాబ్దంలో ఉండేవి 24.

ఈ ముక్క చెప్పేటప్పుడు నేను తీసుకునే ఉదాహరణ మన పంతులుగారే. మన జిల్లాకి పేరైన టంగుటూరి ప్రకాశం గారు 1872 ఆగస్టు 23న వినోదరాయునిపాలెంలో పుట్టారు, 1957 మే 20న కన్నుమూశారు. 84 ఏళ్లు నిండాయి కాబట్టి నాలుగుతో భాగించి 21 అంటారు పిల్లలు. 1872 లీపు సంవత్సరమే కదా, దాన్నీ కలపాలి సార్ అని కొందరు 22 అంటారు. ఆయన పుట్టేసరికి ఆ ఏడాది ఫిబ్రవరి 29 ఎప్పుడో దాటిపోయింది, కలపకూడదు. 1876 నుంచి 1956 దాకా నాలుగేళ్లకొకటి చొప్పున 21. అందులో 1900 తీసేయాలి. పంతులుగారు చూసిన లీపు రోజులు 20. పొరపాటు పడే రెండు చోట్లూ ఒక్క జీవితంలోనే ఉన్నాయి, అందుకే ఈ ఉదాహరణని వదలను.

అపోహ: ఫిబ్రవరి 29న పుడితే నాలుగేళ్లకొకసారే పుట్టినరోజు. అందుకే 28 అనో, మార్చి 1 అనో రాయించడం మేలు.

వాస్తవం: దయచేసి అలా రాయించకండి. పుట్టిన తేదీ పుట్టిన తేదీయే. మన పెద్దలు పుట్టినరోజు తిథిని బట్టి చేసేవాళ్లు. 2024 ఫిబ్రవరి 29న పుట్టిన బిడ్డది మాఘ బహుళ పంచమి, అది ఏటా వస్తుంది. ఇక నాలుగేళ్లు అన్నమాట కూడా అన్నిసార్లూ నిజం కాదు. మాజీ ప్రధాని మొరార్జీ దేశాయ్ పుట్టింది 1896 ఫిబ్రవరి 29న. 1900 లీపు కాకపోవడంతో ఆ తేదీ మళ్లీ వచ్చేసరికి ఆయనకి ఎనిమిదేళ్లు.

అపోహ: లీపు సంవత్సరమన్నా అధిక మాసమన్నా ఒకటే, ఆ ఏడాది శుభకార్యాలు కుదరవు.

వాస్తవం: రెండింటికీ సంబంధం లేదు. పన్నెండు చాంద్రమాసాలు కలిస్తే 354 రోజులే. ఏటా తగ్గే పదకొండు రోజులు పోగుపడి, సూర్య సంక్రమణం లేని మాసం ఒకటి వస్తుంది. అదే అధిక మాసం. 19 ఏళ్లలో ఇలాంటివి ఏడు. 2023లో అధిక శ్రావణం వచ్చింది, అది లీపు ఏడాది కాదు. 2020లో రెండూ కలిసొచ్చాయి. పెళ్లిళ్లు ఆపుకునేది ఆ ఒక్క మాసంలోనే, దానికీ ఫిబ్రవరి 29కీ లంకె పెట్టకండి.

అపోహ: సర్టిఫికెట్‌లో ఉన్న తేదీతో లెక్క వేస్తే సరిపోతుంది.

వాస్తవం: ఉద్యోగానికి అదే ఆధారం. జీవితాన్ని లెక్కపెట్టడానికి మాత్రం ఇంట్లో పెద్దవాళ్లని అడగండి.

మా నాయన సర్టిఫికెట్‌లో 1-7-1948 అని ఉంటుంది. బడిలో వేసేటప్పుడు తేదీ తెలియక జూన్ ఒకటో, జులై ఒకటో రాసేయడం ఆ రోజుల్లో మామూలే. ఆ తేదీతో ఆయనకి 2024 దాకా 19 లీపు రోజులు. మా నాయనమ్మ మాత్రం ఎప్పుడూ ఒకే మాట చెప్పేది: "మంగళారం తెల్లారుజామున పుట్టాడు. పదకొండో రోజు పురుడు పోశాం. మర్నాడు పొద్దున్నే గాంధీగారిని కాల్చేశారని ఊళ్లోకి కబురొచ్చింది." ఉలవపాడు దగ్గర మా ఊళ్లో అప్పుడు తేదీలు చూసేవాళ్లు లేరు, కబుర్లే గుర్తు.

ఒకరోజు తెల్లకాగితం తీసుకుని కూర్చున్నాను. గాంధీజీ హత్య 1948 జనవరి 30 సాయంత్రం, శుక్రవారం. కబురొచ్చింది 31న, అంటే పురుడు 30న. పుట్టిన రోజు ఒకటిగా లెక్కపెడితే పదకొండో రోజు 30 కావాలి, అప్పుడు పుట్టింది 20న. శుక్రవారం నుంచి పది రోజులు వెనక్కి వెళితే మంగళవారం. నాయనమ్మ చెప్పిన వారమే వచ్చింది. చదువు రాని మనిషి జ్ఞాపకం ఒక్క రోజు కూడా తప్పలేదు. ఆవిడ ఉన్నప్పుడే ఈ లెక్క చేసి చూపించి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

జనవరి 20 కాబట్టి 1948 ఫిబ్రవరి 29 కూడా నాయన ఖాతాలోకి వచ్చింది. 19 కాదు, 20. కాగితం చూపిస్తే కళ్లజోడు పెట్టుకుని అంకె అంకె సరిచూసుకున్నారు.

"ఈసారిది ఎప్పుడురా?" అన్నారు.

"2028లో నాయనా."

"ఏ వారం?"

వేళ్ల మీద లెక్క వేసి చెప్పాను, మంగళవారమని.