కాలేజీ ఫీజుకు పన్ను రాయితీ: దారి మళ్లింది 2005లోనే

ఆదాయపు పన్ను రిటర్నుల గడువు దగ్గరపడడంతో విజయవాడ, గుంటూరు ఉద్యోగుల ఇళ్లలో పాత ఫిర్యాదే మళ్లీ వినిపిస్తోంది: పిల్లల కాలేజీకి లక్షలు పోసినా పన్నులో పైసా తగ్గలేదని. నింద కొత్త పన్ను విధానం మీద పడుతున్నా, అసలు మలుపు 2005 బడ్జెట్‌లో ఉంది.

అంతకు ముందు ఆదాయపు పన్ను చట్టంలో పొదుపులకు పన్ను తగ్గించే సెక్షన్ 88 ఉండేది. దాని కిందకు 2003లో అప్పటి ఆర్థిక మంత్రి జశ్వంత్ సింగ్ ట్యూషన్ ఫీజును కూడా చేర్చారు. ఇద్దరు పిల్లల వరకు, ఒక్కొక్కరికి ఏడాదికి 12,000 రూపాయల దాకా లెక్కలోకి తీసుకుని, అందులో ఒక వంతును కట్టాల్సిన పన్నులోంచే తగ్గించేవారు. ఆదాయం లక్షన్నర లోపు ఉంటే 20 శాతం, 5 లక్షల వరకు 15 శాతం, ఆ పైవారికి సున్నా. చిన్న జీతానికే పెద్ద వాటా దక్కిన లెక్క అది.

2005లో ఆర్థిక మంత్రి చిదంబరం ఆ సెక్షన్‌ను తొలగించి 80సీ తెచ్చారు. ఫీజుకు విడి పరిమితి లేకుండా, పొదుపులు, ఫీజు అన్నీ కలిపి లక్ష రూపాయల దాకా పన్ను పడే ఆదాయంలోంచి తీసేయవచ్చన్నారు. వినడానికి ఉదారంగానే ఉంది. అయితే పన్నులోంచి కాక ఆదాయంలోంచి తగ్గించడం వల్ల, అదే ఫీజు కట్టిన ఇద్దరిలో 30 శాతం శ్లాబులో ఉన్నవారికి, 10 శాతం శ్లాబులో ఉన్నవారికి దక్కినదానికి మూడింతలు మిగిలింది. 2014లో లక్షన్నర అయిన ఆ పరిమితి తర్వాత కదలలేదు. పీఎఫ్, ఎల్‌ఐసీ ప్రీమియం, ఇంటి అప్పు అసలు కూడా అందులోనే ఇమడాలి కనుక, ఫీజు రసీదు వంతు వచ్చేసరికి చాలామందికి చోటే మిగలదు.

ఆ రసీదులోనూ ట్యూషన్ ఫీజు ఒక్కటే చెల్లుతుంది. ఇంటర్ అంటే హాస్టలే అన్నంతగా అలవాటుపడిన ఈ రెండు నగరాల తల్లిదండ్రులకు అసలు బరువు హాస్టల్, మెస్, డెవలప్‌మెంట్ ఫీజులది. వాటికి 80సీ వర్తించదు. యజమాని ఇచ్చే హాస్టల్ భత్యంపై మినహాయింపు రెండు దశాబ్దాలకు పైగా నెలకు 300 రూపాయల దగ్గరే ఉండేది. మెస్‌లో నాలుగు పూటలకైనా చాలేదా అన్నది వేరే సంగతి.

2020లో వచ్చి, 2023 నుంచి ఎవరూ కోరకుండానే వర్తిస్తున్న కొత్త విధానంలో 80సీ కానీ, విద్యారుణం వడ్డీకి ఉద్దేశించిన 80ఈ కానీ లేవు. రేట్లు తగ్గించామని, 12 లక్షల వరకు పన్నే లేదని కేంద్రం అంటోంది. జీతగాళ్లు ఏ ఏటికాయేడు పాత విధానాన్ని ఎంచుకోవచ్చు, కానీ గడువులోగా రిటర్ను వేసినవారికే ఆ వీలు.